గేటు దగ్గర గొయ్యి

నవంబర్ 5

పొద్దున వంటింట్లో కుళాయి తిప్పితే ముందు దగ్గింది. తర్వాత ఎర్రటి నీళ్ళు కాసిని. తర్వాత దారంలా ఓ సన్నని ధార, అంతే. రేపటికి పుట్టినరోజు కేకులు ఆర్డర్ ఉన్నాయి. కేకు మాట దేవుడెరుగు, గిన్నెలు కడగడానికే నీళ్ళు లేవు. అత్తయ్యగారు ట్యాంకులో కప్ప పడి ఉంటుందన్నారు. ఆవిడ దృష్టిలో ఈ ఇంట్లో ఏది పాడైనా కప్పే కారణం. పోయినసారి వాషింగ్ మెషిన్ ఆగిపోయినప్పుడూ అదే అన్నారు.

అక్క డ్యూటీ దిగి వచ్చి, అన్ని కుళాయిలూ కట్టేయించి, మీటర్ దగ్గర వంగి చూసింది. ముల్లు తిరుగుతూనే ఉంది. లీకు భూమిలో ఉందనీ, మేస్త్రిని పిలవమనీ చెప్పి మేడెక్కేసింది. వాతావరణ వార్తలు చదివినట్టు చెప్పింది.

అక్క అంటే నా తోడికోడలు. బావగారు ఓడ మీద ఉద్యోగంలో ఉంటారు, ఏడాదిలో సగం సముద్రంలోనే. ఈవిడ ఎమర్జెన్సీ ఫోన్ సెంటర్‌లో పని చేస్తుంది. ఇల్లు అంటుకుందన్నా, మనిషి పడిపోయాడన్నా మొదట వినేది ఈవిడే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గొంతు విని నా మీద కోపమేమో అనుకున్నాను. కోపం లేదు. ప్రేమా లేదు. ఎత్తూ పల్లం ఏమీ లేదు. నా పుట్టినరోజుకి శుభాకాంక్షలు కూడా "లైన్లోనే ఉండండి" అన్నట్టు చెబుతుంది.

నవంబర్ 6

మేస్త్రి వచ్చాడు. భారీ మనిషి, మాటలు ఇంకా భారీ. ఒక ఇనప చువ్వ నేలకి ఆనించి, రెండో చివర చెవి పెట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. పైపు ఏడుస్తోందట. ఎక్కడ ఏడుస్తోందో అక్కడే తవ్వించాడు. సరిగ్గా అక్కడే తుప్పు పట్టిన పైపుకి చిల్లు, అందులోంచి చిమ్ముతున్న నీళ్ళు. రబ్బరు వేసి క్లాంపు బిగించాడు. తన చెయ్యి పడ్డ పైపు మళ్ళీ నోరు తెరవదని హామీ ఇచ్చాడు. అత్తయ్యగారు కప్ప ఏమైనా కనబడిందా అని అడిగారు. నాకు ఈ మనిషి తెగ నచ్చాడు.

నవంబర్ 8

నోరు తెరిచింది. మొన్నటి చోటికి కాస్త అవతల.

నవంబర్ 9

పాత పైపు ముక్క ఒకటి కోసి మా ఆయన చేతిలో పెట్టాడు మేస్త్రి. బయటికి బొటనవేలు లావు. లోపల తుప్పు పేరుకుపోయి పెన్సిల్ కూడా దూరదు. ఇన్నేళ్ళూ మేం తాగింది దీని గుండా వచ్చిన నీళ్ళే!

మా ఆయన, ఇంకో క్లాంపు వేస్తే సరిపోదా అన్నారు. మేస్త్రి, "చొక్కాకి అతుకు వెయ్యొచ్చు సార్, అతుకులకి చొక్కా వెయ్యలేం కదా" అన్నాడు. దాంతో ఇంట్లో చర్చ ముగిసింది. రోడ్డు కింది మెయిన్ పైపు నుంచి ఇంటి దాకా లైను మొత్తం మార్చాల్సిందే. కొత్తది నల్లటి ప్లాస్టిక్ పైపు, నీలం చారలది. పెద్ద చుట్టగా తెచ్చి వరండాలో పడేశారు. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క వేస్తారట.

ఒకటే చిక్కు. మా స్థలం మట్టి పోసి ఎత్తు చేసింది. ఇంటి దగ్గర పైపు మోకాలి లోతులోనే ఉంది కానీ, గేటు దగ్గరికి వచ్చేసరికి మనిషి లోతు.

నవంబర్ 11

రోజంతా తవ్వకం. మేస్త్రీ, అతని బావమరిదీ. బావమరిది ముసలాయన, ఉలుకూ పలుకూ లేని మనిషి. మేస్త్రి ఇద్దరి వాటా తానే మాట్లాడతాడు. గేటు దగ్గర మట్టి లీకు నీళ్ళు తాగి తాగి, ఓవెన్‌లోంచి తొందరపడి తీసిన కేకులా ఉంది. తవ్విన మట్టంతా గేటు బయట ఫుట్‌పాత్ మీద గుట్ట పోశారు.

అక్క డ్యూటీకి వెళ్తూ ఆగింది. గోతికి రెండు వైపులా చెక్కలు నిలబెట్టి దన్ను పెట్టమంది. మేస్త్రి నవ్వి, రేపు చెక్కలొస్తాయి మేడం, అయినా గోతుల్లోనే పెరిగాను అన్నాడు. "రేపని కాదు, దిగేముందు" అని అక్క ఆ గోతిని కాసేపు చూసి వెళ్ళిపోయింది. ప్రతిదానికీ ఈవిడొక రూలు చెబుతుందని అనుకున్నాను.

నవంబర్ 12

ఇవాళ రాయలేను. రేపు రాస్తాను.

నవంబర్ 13

నిన్న మధ్యాహ్నం జరిగింది. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. చెక్కలు వచ్చాయి, గోడకి ఆనించి ఉన్నాయి. అవి దించేలోపు ఒక్క నట్టు చూసి వస్తానని మేస్త్రి గేటు దగ్గర గోతిలోకి దిగాడట.

నేను వంటింట్లో క్రీమ్ గిలకొడుతున్నాను. పెద్ద బస్తా కింద పడేసిన చప్పుడు. అంతే. అరుపు లేదు. ఆ తర్వాత ఎన్నడూ నోరు విప్పని బావమరిది గొంతు, బావా బావా అంటూ.

పరిగెత్తి వెళ్ళి చూస్తే గోతి ఒక పక్క మొత్తం జారిపోయింది. మేస్త్రి గొంతుక్కూర్చున్న మనిషి కూర్చున్నట్టే చంకల దాకా మట్టిలో ఉన్నాడు. ఒక చెయ్యి మాత్రం పైకి ఉంది. మొహం బూడిద రంగు. మట్టి పడ్డ విసురుకి రోడ్డు వైపు పాత పైపు విరిగినట్టుంది, అతని వెనక నుంచి నీళ్ళు బుడబుడమని పైకి వస్తున్నాయి.

బావమరిది దూకబోతున్నాడు. మేడ మెట్ల మీంచి అక్క గొంతు వినబడింది. "ఎవరూ దిగొద్దు. చెయ్యి పట్టి లాగొద్దు. అంచు మీద నిలబడొద్దు." అదే గొంతు. ఎత్తూ లేదు, పల్లం లేదు. బావమరిది కాలర్ పట్టి ఆపినట్టు ఆగిపోయాడు. నా గుండె దడ కూడా ఒక మెట్టు దిగింది.

సగం దువ్విన జుట్టుతో వచ్చింది. అత్తయ్యగారి చేతిలో ఫోన్ పెట్టి, ఫైర్ వాళ్ళకి ఏ మాటలు చెప్పాలో చెప్పింది. ఆవిడ ఆ మాటలే, అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. కప్ప ఊసెత్తలేదు. ఈలోగా అక్క చెక్కలు తెప్పించి అంచు మీద పరిపించింది. వాటి మీద బోర్లా పడుకుని, నా క్రీమ్ గిన్నెతో అతని ఛాతీ దగ్గర మట్టి తోడటం మొదలుపెట్టింది. నా వైపు తిరక్కుండానే, "నీళ్ళు ఆపు. రోడ్డు వాల్వు" అంది.

రోడ్డు వాల్వు మూత ఫుట్‌పాత్‌లో ఉంటుంది. దాని మీదే మట్టిగుట్ట. నేనూ బావమరిదీ కుక్కల్లా తవ్వాం. అతను పారతో, నేను కేకు టిన్నుతో, తర్వాత ఉత్త చేతులతో. మూత దొరికింది. మేస్త్రి మెట్ల మీద పెట్టిన, వాల్వు తిప్పే పొడుగు తాళంచెవి తెచ్చి దింపాను. కదల్లేదు. గోతిలోంచి మేస్త్రి, "కుడి... కుడికి తిప్పమ్మా" అన్నాడు. ఆ స్థితిలో! ఇద్దరం దానికి వేలాడాం. ఒక్కసారిగా కీచుమని తిరిగింది. బుడబుడ ఆగింది. నీళ్ళు అప్పటికి అతని గడ్డం కిందికి వచ్చేశాయి.

తిరిగి వచ్చేసరికి అక్క అతన్ని పైపు ఎలా అతకాలో అడుగుతోంది. నాకు మతిపోయింది.

"చివర... కోసి... నున్నగా చెయ్యాలి."

"చేశాను. తర్వాత?"

"నట్టు... ఎక్కించాలి."

"ఎక్కించాను. తర్వాత?"

అతని కళ్ళు మూతలు పడుతున్నాయి. అక్క గిన్నె ఆపలేదు, గొంతు పెంచలేదు. "మేస్త్రీ, నట్టు ఎక్కించి పైపు తోసేశాను. ఇక బిగించేస్తున్నాను."

అతను కళ్ళు తెరిచాడు. "రింగేది మేడం? రింగు లేకుండా... బిగిస్తారా... ఎవరైనా?"

"అయ్యో, మర్చిపోయాను. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."

చెప్పాడు. తిట్టుకుంటూ చెప్పాడు. ఆవిడ మళ్ళీ మర్చిపోయింది. అతను మళ్ళీ తిట్టాడు. ఫైర్ వాళ్ళు వచ్చేదాకా ఆ రింగు ఎన్నిసార్లు మర్చిపోయిందో. తిట్టాలంటే ఊపిరి కావాలి. ఆవిడ తోడే ప్రతి గిన్నెడు మట్టికీ అతనికి కాస్త ఊపిరి దొరుకుతోంది.

ఫైర్ వాళ్ళు దన్నులు పెట్టి, అతన్ని బయటికి తియ్యడానికి చాలాసేపు పట్టింది. అంబులెన్స్ వెళ్ళిపోయింది. జనం పల్చబడ్డారు. అక్క పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళి, తిప్పి, చేతులు కింద పెట్టి నిలబడింది. నీళ్ళు రాలేదు. వాల్వు నేనే కట్టేశానుగా. అయినా అలాగే నిలబడింది. నేను బిందె తెచ్చి పోశాను. మోచేతుల దాకా మట్టి. గోళ్ళు రెండు విరిగాయి.

అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళుగా ఎంతమందికో ఫోన్‌లో దారి చెప్పిందట. సాయం రాగానే అవతలి వాళ్ళు ఫోన్ పెట్టేస్తారట. తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరట, అడగడానికీ లేదట. "ఇతని సంగతి మాత్రం నాకు తెలుస్తుంది కదా?" అంది. చిన్నపిల్ల అడిగినట్టు.

తెలుస్తుందక్కా అన్నాను. ఏం తెలుస్తుందో అని నాకు భయం.

నవంబర్ 14

కాలికి ఆపరేషన్ అయింది. అదొక్కటే కాదట. నలిగిన కండల్లోంచి విషం రక్తంలో కలుస్తుందట, కిడ్నీలు ఎలా ఉంటాయో చూడాలంటున్నారట. పక్కింటివాళ్ళు గోడ మీంచి గొట్టం వేసి నీళ్ళిస్తున్నారు. కేకు ఆర్డర్లన్నీ వద్దన్నాను. ఆ గిన్నె కడిగి చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నవంబర్ 16

అక్క ఈరోజూ ఆసుపత్రికి వెళ్ళింది. లోపలికి వెళ్ళలేదట. కారిడార్లో కూర్చుని వచ్చిందట.

నవంబర్ 19

గండం గడిచింది! ఇవాళ నేనూ వెంట వెళ్ళాను, లాక్కెళ్ళాను అనాలి. తలుపు దగ్గర మేస్త్రి భార్య, మీరెవరమ్మా, రోజూ బయట కూర్చుంటున్నారు అని అడిగింది. అక్కకి ఏం చెప్పాలో తెలియలేదు. ఎవరికైనా ఏ మాటైనా అందించగల మనిషి! నావైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా మంచం మీంచి మేస్త్రి, "రింగు మర్చిపోయే మేడం ఆవిడే" అన్నాడు.

ఆమె వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకుంది. విరిగిన గోళ్ళు చూసింది. కళ్ళకి అద్దుకుంది. అక్క ముందు బిగుసుకుపోయింది, తర్వాత ఆమె భుజం మీద తల పెట్టేసింది. మేం బయటికి వచ్చేస్తుంటే మేస్త్రి, చెక్కలు పెట్టకుండా దిగినందుకు తనని ఇంకా తిట్టలేదేం అని అడిగాడు. అక్క, లేచి నడవండి, తిడతానంది.

అక్క మీద నాకున్న అభిప్రాయాలన్నీ బస్సులో కూర్చుని ఒక్కొక్కటే పారేశాను. చాలా ఉన్నాయి. ఇల్లొచ్చేసింది.

నవంబర్ 28

కొత్త మనుషులు చెక్కలు దన్ను పెట్టి మరీ దిగారు. రోడ్డు నుంచి మీటర్ దాకా పైపు పరిచేశారు. మేస్త్రి ఆటోలో వచ్చాడు. కట్టు కాలు స్టూలు మీద పెట్టి, వరండాలో కుర్చీలోంచే అజమాయిషీ. డాక్టర్ ఊరుకున్నాడో ఇతనే ఊరుకోలేదో అడగలేదు. చిట్టచివరి అతుకు, మీటర్ పక్కన నేల మీదిది, అక్కని వెయ్యమన్నాడు.

వేసింది. కోసింది, నున్నగా చేసింది, నట్టు, రింగు, తోయడం, బిగింపు. ఆ శ్రద్ధ చూస్తుంటే నాకు ఆవిడ ఫోన్ సెంటర్లో ఎలా కూర్చుంటుందో మొదటిసారి కళ్ళకి కట్టింది. మేస్త్రి మెడ చాచి పరీక్షించి, పనికి పెట్టుకుంటానన్నాడు. ముందు చెక్కలు కొనండి, తర్వాత చూద్దాం అంది అక్క. బావమరిది నవ్వాడు. అతనికి పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది.

వాల్వు నేను తిప్పాను. ముందు గాలి, తర్వాత తెల్లటి నురగ, తర్వాత తేట నీళ్ళు. బకెట్ అదిరిపోయే ప్రెషర్. అన్నీ కట్టేసి మీటర్ చూశాం. ముల్లు కదల్లేదు. అందరం ఆ కదలని ముల్లుని సినిమా చూసినట్టు చూశాం.

డిసెంబర్ 2

గోతి పూడ్చి రోజులైంది. పొద్దున అక్క డ్యూటీ నుంచి వచ్చి, గేటు దగ్గర చెప్పులు విప్పి, ఆ పూడ్చిన మట్టిని పాదాలతో నొక్కి చూస్తూ అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. నేనూ విప్పి వెనకే నడిచాను. అత్తయ్యగారు వరండాలోంచి కాసేపు చూసి, గోడ పట్టుకుని మెల్లగా దిగివచ్చారు. ముగ్గురం నడిచాం. మట్టి చల్లగా, గట్టిగా ఉంది.