టీచరుగారి గోడ, నా ఎడమ కన్ను

పూజ్యురాలైన అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ నీ మరదలూ బాగానే ఉన్నాం. నువ్వూ బావా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. రెండు నెలలుగా ఉత్తరం లేదని నువ్వు వేసిన అక్షింతలన్నీ అందాయి. ఒక్కటి కూడా కింద పడకుండా తల మీదే వేసుకున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నీకు సగమే వినపడుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. ఈసారి సంగతి అలా కల్పించుకునేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది, నిచ్చెన దిగేటప్పుడు మాత్రం నేనింకా ఉన్నానంటుంది. వేళకు తింటున్నాను. తినకపోతే నీ మరదలు ఊరుకుంటుందా? బావకు మందులు మార్చారన్నావు, కొత్తవి ఒంటికి పడుతున్నాయో లేదో రాయి. ఇక టీచరుగారింటి పని అయిందా అని అడిగావు. అయింది. అయ్యేలోపు నాచేత మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. హాలు గోడలకు ఆరేళ్ళ కిందట ఎవరో గ్రేజ్ అనే రంగు వేశారు. గ్రే, బేజ్ కలిపి పెట్టిన పేరట. మన మాటల్లో చెప్పాలంటే బూడిదలో కాస్త గోధుమపిండి కలిపిన రంగు. పొద్దున చూస్తే బూడిద అనిపిస్తుంది, సాయంత్రానికి గోధుమ అనిపిస్తుంది, ఏ సంగతీ తేల్చి చెప్పని మనిషి లాంటిది. గోడలో పైపు కారుతోందని ప్లంబరు వచ్చి బద్దలుకొట్టి, బాగుచేసి, సిమెంటు పూసి వెళ్ళాడు. తలుపంత మచ్చ మిగిలింది. హాలంతా మళ్ళీ వేయించడం ఆవిడకు ఇష్టం లేదు. ఆ ఒక్క గోడ మిగతా మూడింటిలో కలిసిపోవాలి, అంతే.

చిక్కేమిటంటే, ఆ పాత రంగు చేసిన కంపెనీ సరుకు ఇప్పుడు ఇక్కడ దొరకదు. పాత డబ్బా మూత మీద నంబరుంది గానీ, దాన్ని ఇంకో కంపెనీ మిషన్లో కొడితే దగ్గర రంగేదో వస్తుంది తప్ప అదే రంగు రాదు. రంగు చుక్కలు వేసి కలిపే తెల్ల బేసు ఒక్కో కంపెనీది ఒక్కో తెలుపు. ఒకరి తెలుపులో పసుపు ఛాయ ఉంటుంది, ఇంకొకరి దాంట్లో నీలం ఉంటుంది. అవే చుక్కలు అన్నే వేసినా రంగు మారిపోతుంది.

ఇలాంటి పనికే కదా నన్ను పిలిచేది! గోడలు తెల్లగా వేసేవాళ్ళు ఈ ఊళ్ళో పాతికమంది ఉన్నారు. అతుకు కనపడకుండా వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ముగ్గురు కాంట్రాక్టర్లు నాకే కబురు పెడతారు. ఆ పేరు పోయిందంటే యాభై ఆరేళ్ళ వయసులో నిచ్చెన భుజాన వేసుకుని కుర్రాళ్ళతో పోటీ పడాలి. ఆ భయం వల్లే ఈ గొడవంతా జరిగింది అక్కా.

లప్పం పట్టి, ఆరబెట్టి, గరుకు కాగితంతో సాపు చేసి, చేత్తో రంగు కలిపి వేశాను. టీచరుగారు వచ్చి కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"వంకాయ ఛాయ కొడుతోంది మేస్త్రీ."

"తడి మీద అలాగే ఉంటుందమ్మా. ఆరనివ్వండి."

రెండు రోజులాగి కబురు పెట్టారు. "ఆరింది. ఇప్పుడు ఆరిన వంకాయ."

కిటికీ వెలుతురు అన్నాను. ఆవిడ కర్టెన్ వేసి లైటు వేశారు. అయినా ఊదాగానే ఉందన్నారు. నాకు మాత్రం ఏ ఊదా కనపడలేదు. ఆవిడకే వయసు మీద పడిందని లోపల అనుకున్నాను, అది కూడా నీకు దాచను. మళ్ళీ కలిపి వేశాను. మూడోసారీ వేశాను. అప్పుడు ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, క్లాసులో చెప్పినంత నెమ్మదిగా అన్నారు: "మేస్త్రీ, ఒకే లెక్కకి మూడుసార్లూ ఒకటే తప్పు వస్తోందంటే, తప్పు లెక్కలో లేదు. చేసేవాడి దగ్గర ఏదో ఉంది. ఏమిటో కనుక్కో."

నాకు ఒళ్ళు మండింది. తిన్నగా రంగుల షాపుకి పోయి, మీ బేసే దండగ అని కౌంటరు మీద డబ్బా గిరాటేశాను. అక్కడ రంగులు కలిపే మిషను దగ్గర కూర్చునే పిల్లని అందరూ మిషనమ్మాయి అంటారు. తను రెండు అట్టముక్కలు తెచ్చి నా ముందు పెట్టింది.

"తేడా ఏమిటో చెప్పండి బాబాయ్."

"ఏం తేడా? రెండూ ఒకటే."

మేకులు కొనడానికొచ్చిన పెద్దమనిషెవరో మెడ సాచి చూసి, ఎవరూ అడక్కుండానే "రెండోది ఊదా కదండీ" అన్నాడు. ఆయన కొన్న మేకులు ఆయన నోటికే కొట్టాలనిపించింది. మిషనమ్మాయి ఆయన్ని పంపించేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పింది.

"మొదటిది మీరు తెచ్చిన ఆ గోడ పెచ్చు చూసి నేను కలిపింది. రెండోది నిన్న మీరు ఇక్కడే చేత్తో కలిపింది. ఏడాదిగా మీ రంగులన్నిటిలోనూ నీలం ఎక్కువవుతోంది బాబాయ్. మా నాన్నకీ ఇలాగే అయింది. కంట్లో పొర. నీలం ముందు కనపడటం మానేస్తుంది. డాక్టరుకి చూపించుకోండి, బాగైపోతుంది."

నలుగురి ముందు అనకుండా, నా పరువు కాపాడుతూ చెప్పినందుకు ఆ పిల్లకి చేతులెత్తి దండం పెట్టాలి. ఆ మాటే టీచరుగారికి చెప్పి, వేరే ఎవరినైనా పిలిపించుకోమన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "గోడ ఎక్కడికీ పారిపోదు. కన్ను బాగుచేయించుకుని రా" అన్నారు. ఆరు వారాలు ఆ ఊదా మచ్చ హాల్లో అలాగే ఉంచుకున్నారు. వచ్చినవాళ్ళు అడిగితే పని మధ్యలో ఉందని చెప్పారట గానీ, మేస్త్రీ చెడగొట్టాడని ఒక్కరితోనూ అనలేదు. ఆపరేషన్ రోజు నీ మరదలికి తోడుగా ఆస్పత్రి బెంచీ మీద కూర్చున్నది కూడా ఆవిడే.

కంగారు పడకు. ఎడమ కంటికి శుక్లం తీశారు, అరగంటలో అయిపోయింది. మర్నాడు కట్టు విప్పగానే మా పడకగది కర్టెన్లు చూశాను. ఏడాదిగా ఆకుపచ్చవని నేను వాదిస్తున్న కర్టెన్లు అచ్చమైన నీలం. నీ మరదలి వైపు తిరిగి "తల ఇంత ఎప్పుడు నెరిసింది నీకు?" అన్నాను. "రెండో కంటికి కూడా కానివ్వండి, తీరిగ్గా లెక్కపెడుదురుగాని" అంది.

ఇంకో వింత విను. టీచరుగారి గోడ ముందు నిలబడి కుడి కన్ను మూసుకుంటే గోడ బూడిద. ఎడమ కన్ను మూసుకుంటే అదే గోడ టీ మరక. ఇంతకాలం నేను టీ మరకలోంచే లోకమంతా చూస్తున్నానన్నమాట. నేను వేసిన మచ్చ మాత్రం ఎడమ కంటికి ఎలా కనపడిందో చెప్పనా? వంకాయ. ఆవిడ సరిగ్గానే చెప్పారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఈసారి మిషనమ్మాయి, నేను కలిసి చేశాం. తను చుక్కలు వేయడం, నేను ఎడమ కంటితో చూడటం. అట్టముక్కల మీద పూసి, బాగా ఆరాక గోడకు అంటించి, పొద్దునా మధ్యాహ్నం దీపాలు పెట్టాకా చూసేవాణ్ణి. ఏడో ముక్క గోడలో కలిసిపోయింది, ఎక్కడ అంటించానో చేత్తో తడుముకోవాల్సి వచ్చింది. మచ్చ వరకే వేస్తే అంచు తెలుస్తుంది కాబట్టి ఆ గోడంతా మూల నుంచి మూల దాకా వేశాను. టీచరుగారు మూడు రోజులు చూసి "సరే" అన్నారు. లెక్కల టీచరు నోట సరే అంటే నూటికి నూరన్నమాట.

ఇంతవరకూ కబుర్లు. ఇక రాయాల్సింది రాయడానికి చెయ్యి వెనకాడుతోంది.

కిందటేడు మీ కిటికీ మార్చినప్పుడు, బావ గదిలో దాని పక్కన అతుకు నేనే వేశాను కదా. అప్పటికే నాకు అనుమానం ఉంది అక్కా. దీపం చుట్టూ మసక కనపడేది, నీలాలు వెలిసిపోయినట్టుండేవి. ఎవరికీ చెప్పలేదు. పరాయివాళ్ళ గోడ మీద తప్పితే పని పోతుంది, అక్క గోడ మీద తప్పితే అక్కే చెబుతుంది అనుకున్నాను. పదేళ్ళప్పుడు నా చేతికి సున్నం కుంచె ఇచ్చి, చార కనపడితే వీపు మీద ఒక్కటేసి మళ్ళీ వేయించినదానివి నువ్వు. నిజం చెబుతావని నీ గోడ మీద నన్ను నేను పరీక్షించుకున్నాను. ఎలా ఉందక్కా అని అడిగితే నువ్వు గుమ్మంలో చాలాసేపు నిలబడి, "అచ్చం అదే రంగురా. నీది ఏం కన్నురా!" అన్నావు. ఆ మాట పట్టుకుని ఏడాదంతా ఊరంతా రంగులు వేశాను.

మొన్న నీ మరదలి ద్వారా ఆపరేషన్ సంగతి తెలిసి నీ పెద్దమ్మాయి ఫోన్ చేసింది, నీకు నేనే రాస్తానని చెప్పాను. నవ్వుతూ నవ్వుతూ మొత్తం చెప్పేసింది. నేను అక్కణ్ణుంచి వచ్చేసిన మర్నాడే నువ్వూ బావా కలిసి బీరువాని ఆ గోడకి జరిపారట. బావకు వారం రోజులు నడుం పట్టేసిందట. కిటికీకి సగం అడ్డంగా బీరువా ఏమిటని ఎవరైనా అంటే, ఎండ పడుతోందని చెప్పావట.

కోపం రాలేదంటే అబద్ధం. ఒక పూటంతా వచ్చింది. అప్పుడే చెప్పి ఉంటే అప్పుడే డాక్టరు దగ్గరికి పోయేవాణ్ణి కదా అని. సాయంత్రానికి అది దిగిపోయి ఏడుపొచ్చింది. నీ తమ్ముడి పేరు కాపాడటానికి, జబ్బుమనిషిని పెట్టుకుని ఏడాది పాటు చీకటి గదిలో కాపురం చేశావు. ఎవరు చేస్తారక్కా అంత? నేను నీకు దాచాను, నువ్వు నాకు దాచావు. ఇద్దరికిద్దరం సరిపోయాం. నీ రుణం మాత్రం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

వచ్చే నెల రెండో కంటికి చేస్తారు. అది కుదుటపడ్డాక వచ్చి ఆ గోడ మళ్ళీ వేస్తాను. కానీ నేను వచ్చేదాకా ఆగొద్దు. ఉత్తరం చదవగానే మీ అల్లుణ్ణి పిలిచి బీరువా తీయించు. బావ మంచం కిటికీ దగ్గరికి జరిపించు. వచ్చినవాళ్ళు ఆ ఊదా మచ్చ చూసి ఇదెవరు వేశారని అడిగితే, మా తమ్ముడే వేశాడని చెప్పు.

ఇట్లు,
నీ చేతి దెబ్బలు తిని పని నేర్చిన
తమ్ముడు