పత్తి తాకితే మంట

2006 నవంబర్, మంగళవారం

షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో నరాలు ఎందుకు మండుతాయన్నదే నా పరిశోధన. ఇవాళ ములకలపల్లి నుంచి మంగమ్మ అనే షుగర్ పేషెంట్ వచ్చింది. కళ్లు మూసుకోమని అరికాలికి దూది తాకించాను. కెవ్వుమంది.

"నిప్పు పెట్టిన్రా సారూ?"

"దూదేనమ్మా."

"పుట్టినకాంచి పత్తి ఏరుతున్న. పత్తి గిట్ల కాలుస్తదా?"

మెత్తగా తాకినా మండే నరం! నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నది అదే. ఆ సంబరంలో మళ్లీ తాకించాను. ఒక్కసారి చాలు, రెండోసారి అవసరం లేదు, అయినా తాకించాను.

కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "మీ మొకం ఎలుగుతుంది సారూ. రోగం దొరికినట్టుంది. ఇగ మందిస్తరు గద?"

వచ్చే వారం రమ్మన్నాను. మళ్లీ దూది తాకించడం తప్ప నా దగ్గర ఏముందని?