తీసేసిన రెండు గీతలు

జూలై 1, సోమవారం
మూడు గీతలట! రేపు ఇళ్ళ కప్పుల మీది సోలార్ పలకలు ఎంత కరెంటు ఇస్తాయో చెప్పమంటే — మబ్బు కమ్మితే ఇంత, కమ్మకపోతే ఇంత, నడుమ మా అంచనా. ఒక్క నోట మూడు మాటలా? అవునంటే అవును, కాదంటే కాదు — వాక్యం అదే కదా. ప్రార్థన చేశాను. పై గీత, కింది గీత తీసేశాను. నడిమి గీతొక్కటే గ్రిడ్ వాళ్ళకు పంపాను. రిపోర్టు పంపాల్సిన సలీం భాయ్ కూతురి స్కూలుకని మధ్యాహ్నమే వెళ్ళాడు. "నా పేరు మీదనే పంపుండ్రి పాస్టర్ సాబ్, జర చూస్కోండి." చూసుకున్నాను!

జూలై 2
పొద్దున పదకొండుకి సుమాత్రా వైపు నుంచి గాలివాన. రాఫెల్స్ ప్లేస్‌లోని మా ఆఫీసు కిటికీలో పట్టపగలే చీకటి. తెర మీద అసలు కరెంటు గీత గోడ కూలినట్టు కూలింది. నా గీత మాత్రం పైనే, ఎండలో…

జూలై 3
ఊళ్ళో లైట్లు ఆరలేదు. నా గీతను నమ్మి గ్యాస్‌తో నడిచే కరెంటు యూనిట్లు ఆపి ఉంచారట — హడావిడిగా ముట్టించారట. మా పైఅధికారి మేడమ్ అరవలేదు. అదే భయం. "సలీం, రిపోర్ట్ మీద నీ పేరే కదా. రేంజ్, ఆ పై గీతా కింది గీతా, ఎవరు తీశారు?" "చూసి చెప్తా మేడమ్." నేను పక్కనే ఉన్నాను. తెర వైపు తిరిగి అంకెలు సరిచూస్తున్నట్టు నటించాను.

చెప్పింది జరగకపోతే ఆ ప్రవక్త ఎలాంటివాడో ధర్మశాస్త్రంలో ఉంది. పుస్తకం ఒళ్ళోనే ఉంది. ఆ పేజీ తిప్పలేదు.

జూలై 5
సలీం భాయ్ వర్క్ పాస్ రెన్యువల్ ఈ నెలలోనే. కంపెనీ వద్దంటే భార్యాబిడ్డలతో ఈ దేశం విడిచి పోవాలి. టీ దగ్గర నవ్వుతూ — "ఏం పాస్టర్ సాబ్, మీ దేవుడు మీకొక్క గీతే చూపిస్తడా?" నవ్వాను. నవ్వాను ప్రభువా!

జూలై 7, ఆదివారం
టోవా పాయో ఫ్లాట్‌లో మా ప్రార్థన కూడిక. దాచిన పాపం మీద గంటసేపు గర్జించాను. గోల తగ్గించమని గోడ అవతలి వాళ్ళు తట్టారు. షిప్‌యార్డు వెల్డర్ శామ్యూలు ఏడుస్తూ లేచాడు. "ఫోర్‌మేన్ దగ్గర అబద్ధమాడేనండి అన్నయ్యా. రేపే ఒప్పేసుకుంటానండి." వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. ఈ చెయ్యే.

జూలై 8
ప్రార్థన రావడం లేదు.

జూలై 9
శామ్యూలు ఫోన్. "చెప్పేసేనండి. బూతులు తిట్టేడు, అంతేనండి. రాత్రి అన్నం సయించిందండి అన్నయ్యా."
క్లెమెంటిలో నేనుండే గదిలో నా అన్నం పళ్ళెంలోనే ఎండింది. బడి మెట్లెక్కకుండా నేర్చినవాణ్ణి — కంప్యూటర్ కోడూ, వాక్యమూ. రెండూ నేర్చాను. 'నేనే' అని ఒక్క మాట అనడం నేర్వలేదు.

జూలై 10
సాయంత్రం ఆరున్నర, ఆఫీసు. సలీం భాయ్ నా కుర్చీ పక్కన నిలబడ్డాడు.
"ఫైల్ ఎవరు మార్చిండో ఫైల్లనే ఉంటది పాస్టర్ సాబ్. మొదటిరోజే చూసిన."
"మరి మేడమ్‌కి…"
"మీరే చెప్తరనుకున్న. రేపు పొద్దుగాల నా పాస్ సంగతి తేలుస్తదట." కోపం లేదు గొంతులో. అలసట. బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మేడమ్ గది తలుపు తెరిచే ఉంది. పది అడుగులు. లేచాను. మళ్ళీ కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇంటికి వెళ్ళడానికి ఆమె లైటు ఆర్పేస్తోంది —