కందనకాయలో రాళ్లు

12-2-1998

రామకుప్పంలో ఉన్న అమ్మ కెంపమ్మకు లోకనాథ్ దండాలు. ఇక్కడ నాకు ఏ కొదవా లేదు. గుంతలో పని అని దిగులుపడవద్దు. ఇది మన శాంతిపురం గ్రానైట్ క్వారీ లాంటిది కాదు, నర్మద ఒడ్డున మోకాలి లోతు తవ్వకం. ఎప్పుడో ఈ వాగుల వెంట మందలుగా మేసిన, నిప్పుకోడి లాంటి రాక్షసబల్లి ఎముకలు తీస్తున్నాం.

నిన్న దాని పొట్ట దగ్గర గుప్పెడు గులకరాళ్లు దొరికాయి. వాగు రాళ్లే అనుకొని పారబోయబోయాను. ఆ నునుపు చేతికి తగలగానే, నువ్వు కోడి కందనకాయ చీల్చి నా అరచేతిలో రాల్చే రాళ్లు గుర్తొచ్చాయి.

"సార్, మా యమ్మ కోడి కోసినప్పుడల్లా ఇట్లాంటివే సూసిండాను" అని తవ్వకం చేయించే సారుతో అన్నాను.

సారుది పుంగనూరు. రాళ్లను చాలాసేపు చూశాడు. "నిజమేనప్పా, నమిలేదానికి కోడి మాదిరే దీనికీ పండ్లు లేవు, తిన్నది ఈ రాళ్లతోనే నూరుకొనుంటుంది. మీ యమ్మకు కార్డు రాయి" అన్నాడు.

ఏనుగులు మళ్లీ రాగి చేలో పడ్డాయా? చెల్లెలు శ్రీలక్ష్మి చేత రాయించు. దానికి నా దీవెనలు.

కోడి కోసిన రోజు కందనకాయ ఎప్పుడూ నా వంతే కదా. ఇప్పుడు ఎవరికి వేస్తున్నావమ్మా?