స్వర్ణహంస ఇంజిన్ అలక గురించి

ఫెచ్చబురి,
బుద్ధశకం 2567, జులై 9.

స్వర్ణహంస స్మారక రైలుశాల అధికారి గారికి,

అయ్యా,

విషయం: మావారిని ఇంజిన్ పక్కన కాపురం పెట్టించడం పట్ల అభ్యంతరం.

రైలుశాలలో ఉండడానికి గది ఇస్తామన్న తమ ఉత్తరం నిన్న అందింది. మావారు శ్రీ తవిన్, విశ్రాంత డ్రైవరు, ఎనభై రెండేళ్లవారు, నన్ను అడగకుండానే పెట్టె సర్దుకున్నారు. అందుచేత ఈ అర్జీ.

1. స్వర్ణహంస 2513లో బాంకాక్ నుంచి హువా హిన్‌కు నడిచిన విలాస రైలు. పట్టు తెరలు, వెండి గిన్నెల్లో రొయ్యల పులుసు. ఎనిమిది నెలలకే ఆగిపోయింది. టిక్కెట్టు కొనగలవారికి సొంత కార్లుండేవి; కార్లు లేనివారు టిక్కెట్టు కొనలేకపోయారు. తమ ఫలకం మీది 'స్వర్ణయుగం' ఇంతే.

2. బండి ముందుభాగంలో అమ్మవారుంటుందని మా అందరి నమ్మకం. మావారు రోజూ ఆమెకు మల్లెదండ వేసి, రంగుగుడ్డ కట్టి, దణ్ణం పెట్టాకే బండి ఎక్కేవారు. రైలు ఆగిపోయాక కూడా ప్రతి పండుగకూ షెడ్డుకు వెళ్లేవారు. ఆ దండలన్నీ గుచ్చింది నేను. నాకు ఒక్క మూరైనా దక్కలేదు.

3. పోయిన నెల తమ సిబ్బంది రంగు వేయడం కోసం, అమ్మవారి అనుమతి అడగకుండా ఆ గుడ్డలు కత్తిరించి పారేశారు. అప్పటినుంచి మావారికి అన్నం సహించడం లేదు.

"ఆవిడ అలిగిందే. నేను వెళ్లకపోతే ఎవరు బతిమాలతారు?"

"ఏమయ్యా, నేనెన్నిసార్లు అలగలేదు? ఒక్కసారైనా బతిమాలావా?"

"నువ్వు అలిగినా వంట చేస్తావు కదే!"

ఇనుముకున్న తెలివి నాకు లేకపోయింది. నిన్న నేను పొయ్యి వెలిగించలేదు. అన్నం సహించదన్న మనిషి వీధి చివర రెండు గిన్నెల నూడుల్స్ తిని వచ్చి, మళ్లీ పెట్టె ముందు కూర్చున్నారు.

ఆయన ఆగేలా లేరు. కనుక ఈ కిందివి చిత్తగించి, ఆయన రాకముందే జరిపించగలరు.

తమ విధేయురాలు,
లమూన్,
విశ్రాంత లెక్కల ఉపాధ్యాయిని

జరగవలసినవి:

1. ఫలకం మీద ఇంజిన్‌ను 'డ్రైవరు తవిన్ తొలి ప్రేయసి' అన్న మాట చెరిపివేయాలి. ఆయన తొలుత చూసింది నన్ను. సాక్షులున్నారు.

2. అమ్మవారికి రాజీ దండ నేనే వేస్తాను. ఆ సమయంలో అక్కడ ఎవరూ ఉండరాదు. ఆమెతో నాకు మాట్లాడవలసింది ఉంది.

3. గది ఇద్దరి పేరా రాయాలి. వంటకు చోటుండాలి. వండాలా వద్దా అన్నది నా ఇష్టం.

4. గదికి ఇంజిన్ వైపు కిటికీ ఉండరాదు. మూయడం వీలుకాకపోతే, కిటికీ పక్క మంచం నాది.