తాళం పడిన సీరియల్

అక్కయ్యకు నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నీ మరదలికి దగ్గు తగ్గింది, నా మీద కోపం మాత్రం తగ్గలేదు. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనులో అయితే నా గొంతు ఇట్టే పట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మా వారపత్రిక ఈసారి పోస్టులో ఎందుకు రాలేదని అడిగావు. ఇంకెప్పుడూ రాదక్కా. అచ్చు ఆపేశాం. ఇకనుంచి అంతా ఆన్‌లైన్‌లోనే, అదీ చందా కట్టినవాళ్లకే. ఆఫీసువాళ్ల పాస్‌వర్డ్ నీకూ పంపమన్నావు. "మా తమ్ముడి పత్రికకి నేను డబ్బు కట్టడమేంట్రా!" అని కూడా రాశావు. చదివి నవ్వాను. ఆ వెంటనే ఆ నవ్వు పోయింది.

ఎందుకంటే అచ్చు ఆపమన్నది నేనే. మీటింగులో ఓనరుగారు మా మొహాలు చూసి, "జనం డబ్బు కడతారంటారా?" అని అడిగారు. అందరికంటే ముందు నేను లేచాను. "సీరియల్‌కి సగంలో తాళం వేద్దాం సార్. మనవాళ్లు ఆగలేరు, కట్టి తీరతారు" అన్నాను. ఆయన నా మాట నమ్మి అచ్చు మెషిన్ అమ్మకానికి పెట్టారు. దాన్ని నడిపే మెషిన్‌మన్ పని లేకపోయినా రోజూ వచ్చి తుడిచి వెళ్తున్నాడు.

"చందాలు వస్తున్నాయా సార్?" అంటాడు.

"మెల్లగా వస్తాయయ్యా" అంటాను.

వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే వచ్చారక్కా.

ఇక ఇది నీ మరదలికి కూడా చెప్పలేదు. మొన్న ఆదివారం మామూలు పాఠకుడిలా నా సొంత ఫోనులో ఆ సీరియల్ తెరిచాను. నేను దగ్గరుండి దిద్దిన కథ. తల్లి తలుపు తీయబోతుంటే తాళం బొమ్మ వచ్చి, చందా కడితేనే మిగతాది అంది. నా వేలు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ పేజీ మూసేసి, ఎవరో పిల్లికి స్నానం చేయిస్తున్న వీడియో తెరిచింది. అది అయిపోయాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

అప్పట్నుంచి భయంగా ఉంది. సోమవారం మెషిన్ కొనేవాళ్లు వస్తున్నారు. నేను తప్పు చెప్పానని ఓనరుగారితో అంటే నా ఉద్యోగం ఊడుతుంది. అనకపోతే పత్రికే మూతపడి ఆఫీసులో అందరివీ ఊడతాయి. ఏమైనా సరే, రేపు వెళ్లి చెప్పేస్తాను.

పాస్‌వర్డ్ మాత్రం పంపను. ఈ ఉత్తరం చదవగానే నువ్వు చందా కట్టేస్తావని తెలుసు. కట్టకు. నువ్వు పత్రిక కోసం కాదు, తమ్ముడి కోసం కడతావు. అంతమంది అక్కలు నాకెక్కడ దొరుకుతారు?

ఇట్లు,
నీ పిరికి తమ్ముడు