నాలుగు తలుపుల క్లిప్పులు

నవంబరు 4

హాల్లో నడవడానికి దారి లేదు. కారు తలుపుల లోపలి ప్యాడ్లు నాలుగూ గోడకి ఆనించి ఉన్నాయి. ముందు చక్రం మీది రేకు, ఫెండర్, సోఫా వెనక. బుడమేరు నీళ్లు కారులోకి వచ్చి పోయాక, లోపలి తడి ఆరాలని మా ఆయనే విప్పారు. ఇంజను మెకానిక్ బాషా బాగుచేశాడు. ఇవి మాత్రం నేనే బిగించుకుంటాలే అన్నారు.

బిగించకుండానే పోయారు. ఛాతీలో పట్టేసినట్టుంది అన్నారు, ఆటో ఎక్కించాం — అంతే.

రాస్తుంటే ఎవరి గురించో రాస్తున్నట్టుంది.

నవంబరు 5

ఏమీ లేదు. అన్నం వండాను. అమ్మాయి హారిక కాలేజీకి వెళ్లింది.

నవంబరు 7

మరిది శీను కంకిపాడు నుంచి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు, కూర్చోడానికి చోటు లేక.

"ఇలా విప్పేసి ఉంటే తుక్కు కిందే ఇవ్వాలి వదినా. బిగించి ఉంటే ఎవరైనా బండిలా కొంటారు. మనలో నడిపేవాళ్లు ఎవరున్నారు చెప్పు?"

నిజమే. ఎవరూ లేరు. ఇన్నేళ్లూ ఆ కారు కిరాయిలతోనే ఇల్లు నడిచింది. గన్నవరం విమానాలు, పెళ్లిళ్లు, ఆస్పత్రులు. తలూపాను.

విప్పిన ప్లాస్టిక్ క్లిప్పులు, బోల్టులు ఆయన ఒక స్టీలు గిన్నెలో వేసుకున్నారు. వెతికితే గిన్నె కనపడింది. వంటింట్లో, తోమి బోర్లించి ఉంది. ఆ రోజు ఆయన్ని పడుకోబెట్టడానికి హాలు ఖాళీ చేశారు కదా... అందులోవి ఎవరు ఎక్కడ పారబోశారో. ఎవర్నని అడగను.

నవంబరు 8

బాషా వచ్చి చూశాడు. "క్లిప్పులెందుకమ్మా, స్క్రూలు కొట్టేద్దాం. గట్టిగా ఉంటది. పైన టోపీలు పెడితే కనపడవు కూడా."

డ్రిల్లు తీసి ప్యాడ్ మీద ఆనించాడు. వద్దన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆగిపోయాడు. ఎందుకు వద్దో చెప్పమంటే చెప్పలేను.

"సరేనమ్మా. క్లిప్పులు తెచ్చిపెట్టండి, వచ్చి బిగిస్తా."

నవంబరు 10

ఆటోనగర్. ఆయన పోయాక ఒంటరిగా బయటికి వెళ్లడం ఇదే. మెట్ల దగ్గర పక్కింటి పిన్నిగారు — "అప్పుడే బయటికా అమ్మా?" అవునండీ అన్నాను.

కొట్టు నిండా చిన్న చిన్న డబ్బాలు. తెల్లవి, నల్లవి, పసుపువి, ఆకుపచ్చవి. ఇన్ని రకాలుంటాయని తెలీదు. కొట్టు మస్తాన్ గారు అడిగారు, "శాంపిల్ ఉందా అమ్మా?"

లేదండీ.

"విరిగిందైనా పర్లేదు."

అదీ లేదండీ.

బండి పేరు చెప్పాను. ఒక డబ్బాలోంచి తెల్లవి గుప్పెడు తీసి కాగితంలో పోశారు. సుమారుగా ఇవే అన్నారు. సుమారుగా చాల్లే అనుకున్నాను.

నవంబరు 11

చాలలేదు. క్లిప్పు మెడ కొంచెం లావు. తలుపు రేకులో ఉన్న కన్నంలోకి దిగదు. బాషా కోసం ఆగితే పోయేది. అరచేత్తో ఒక్కటి కొట్టాను. టప్‌మంది. దిగిందనుకున్నాను — ప్యాడ్ మూల చిట్లింది.

ఆయన ఒక్క గీత పడకుండా తీశారు దాన్ని.

ఏడుపొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. కుక్కర్ కూత వేసింది. లేచి వెళ్లాను.

నవంబరు 13

టార్చి పట్టుకుని తలుపులన్నీ వెతికాను. వెనక తలుపు కన్నంలో పాత క్లిప్పొకటి తల విరిగి ఇరుక్కుని ఉంది. పట్టకారుతో లాగాను. వచ్చింది. లేత నీలం రంగు. మట్టి.

నవంబరు 14

మస్తాన్ గారు దాన్ని తుడిచి, కొత్తదాని పక్కన పెట్టి చూశారు. "మొన్న ఇచ్చింది వేరే బండిదమ్మా. నాదే పొరపాటు." మొన్నటివి వెనక్కి తీసుకున్నారు.

మా బండివాటిలోనూ రెండు రకాలట. రబ్బరు వాషరు ఉన్నది, లేనిది. "ఉన్నది తీసుకోండి. లోపలికి నీళ్లు రావు."

నీళ్లు అన్న మాట విన్నాను. అయినా ఏమీ కాలేదు నాకు.

ఫెండర్‌కి బోల్టులు వన్ టౌన్‌లో తీసుకున్నాను. తోపుడుబళ్ల మధ్య దారి చేసుకుని వెళ్లేసరికి చెమటలు. కొట్టతను నల్లవీ, పూత పూసినవీ రెండూ చూపించాడు. నల్లవి రెండు వానలకి తుప్పు పడతాయట.

"బండి ఎన్నాళ్లు ఉంచుకుంటారండీ? అమ్మేసేదైతే నల్లవి చాలు."

ఉంచుకుంటానో లేదో... పూతవి ఇవ్వండి అన్నాను.

నవంబరు 16

బాషా ఫెండర్ బిగించాడు. ఆటో వాళ్లెవరో పిలిస్తే వెళ్లిపోయాడు. ప్యాడ్లు మేమే పెట్టాం, హారికా నేనూ. క్లిప్పుకి కన్నం సరిపోతే బలం అక్కర్లేదు. బొటనవేలితో నొక్కితే చాలు, టక్కున కూర్చుంటుంది.

రెండో తలుపు దగ్గర హారిక అంది, "నువ్వు డ్రైవింగ్ నేర్చుకో అమ్మా. అప్పుడు కారు అమ్మక్కర్లేదుగా."

"నేనా?"

"ఏం? నీకు రాదా? ఇది మాత్రం ముందు వచ్చా, చెయ్యట్లేదూ?"

నేను జవాబు చెప్పేలోపే ప్యాడ్‌కి తల ఆనించి ఏడ్చేసింది. వీపు నిమిరాను. వేడిగా ఉంది వీపు. నాకు తెలిసింది అంతే.

నవంబరు 17

శీను ఫోను. వచ్చే ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తాడు. "హనుమాన్ జంక్షన్ మనిషి వదినా. ఎవరి బండో నడుపుతున్నాడు, సొంతానికి ఒకటి కావాలంట. మంచివాళ్లు."

సరే అన్నాను. హారికకి రేపు చెప్తాను.

నవంబరు 18

చెప్పలేదు.

నవంబరు 20

చెప్పాను. అన్నం మధ్యలో లేచి వెళ్లింది.

నవంబరు 24, ఆదివారం

వచ్చారు. హనుమాన్ జంక్షన్ ఆయనా, ఆయన భార్యా. శీను కూడా ఉన్నాడు.

నాలుగు తలుపులూ తీసి వేసి, ఒక్కోసారీ చెవి పెట్టి విన్నాడు ఆయన. "ఎక్కడా లొడలొడ లేదండీ. ఎవరు బిగించారు?"

"నేనూ, మా అమ్మాయీ."

ఆయన నవ్వాడు, మర్యాదగానే. ఆవిడ వెనక సీట్లో కూర్చుని చుట్టూ చూసింది. దిగేటప్పుడు తలుపు మెల్లగా వేసింది. నా చెయ్యి పట్టుకుని, "బాగా చూసుకుంటామండీ" అంది.

వాళ్లని హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

కారు తాళం తెస్తానని లోపలికి వచ్చాను. మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. హారిక గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. హాల్లోంచి టీ గ్లాసుల చప్పుడు... శీను గొంతు.

"వదినా, దొరికిందా?"

దొరికింది. నా చేతిలోనే ఉంది.